తెలిశాక కూడా అన్నం వడ్డించాలి: భర్త రహస్యం బయటపడే థ్రిల్లర్ ఎపిసోడ్ ఎలా రాయాలి

భార్య బీరువా తెరుస్తుంది. చీరల మధ్య నుంచి ఒక ఫొటో జారి కింద పడుతుంది. ముఖం మీద మూడుసార్లు జూమ్, ఉరుము శబ్దం, ఎపిసోడ్ అయిపోతుంది. ఇలా రాస్తే ఏళ్ల తరబడి దాచిన రహస్యం అర నిమిషంలో ఖర్చయిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి ఏడుపు, గొడవ, చెంపదెబ్బ. కుటుంబ కథకు అవి సరిపోతాయి కానీ థ్రిల్లర్‌కు సరిపోవు.

ఆమెకు తెలిసిపోయింది. తెలిసిందన్న సంగతి అతనికి ఇంకా తెలియదు. తొమ్మిదవుతోంది, అన్నం వడ్డించాలి. ప్రేక్షకుడి గుండె కొట్టుకునేది ఆ గంటలోనే. ఎపిసోడ్ మొత్తాన్ని ఆ గంట కోసం కట్టాలి. కింద చెప్పే లెక్కలన్నీ 38 నిమిషాల ఓటీటీ ఎపిసోడ్‌కు. టీవీ స్లాట్‌కు మారేవి తర్వాత చెబుతాం.

పద్ధతి అర్థం కావడానికి ఒక కల్పిత జంటను తీసుకుందాం. శ్రావణి ప్రభుత్వ హైస్కూల్లో టీచర్. భర్త కిరణ్ మందుల కంపెనీలో ఏరియా మేనేజర్. హైదరాబాద్ నిజాంపేటలో ఫ్లాటు. పెద్దలు కుదిర్చిన పెళ్లి. కథ జరిగేది 2025 నవంబర్‌లో.

ముందు అతని కథ రాయండి

సీన్ ఆర్డర్ (సీన్ల వరస) జోలికి వెళ్లకముందే ఒక తెల్లకాగితం మీద భర్త నిజంగా ఏం చేశాడో తేదీలతో రాయండి. ఇందులో సస్పెన్స్ అక్కర్లేదు, పోలీసు రికార్డులా పొడిగా ఉంటే చాలు.

2017: గుడివాడలో మొదటి పెళ్లి. 2019: ఆ భార్య ఇంట్లో ప్రమాదవశాత్తు చనిపోయిందని అందరూ నమ్మారు. ఆమె పేరున ఉన్న బీమా సొమ్ము కోసం కిరణ్ క్లెయిమ్ పెట్టాడు. పాలసీ తీసుకుని మూడేళ్లు కాలేదు కాబట్టి కంపెనీ విచారణ చేసింది. ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) దాచిన సంగతి బయటపడి క్లెయిమ్ తిరస్కరించారు. చేతికి పైసా రాలేదు. ఆమె బంగారం తాకట్టు పెట్టి, వడ్డీ కట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. 2021: మొదటి పెళ్లి సంగతి దాచి శ్రావణిని చేసుకున్నాడు. 2022 నవంబర్ 14: శ్రావణి పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ (ఆమె చనిపోతేనే డబ్బు వచ్చే బీమా). ఫ్లాటు లోను కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించాడు.

ఈ కాగితం లేకుండా మొదలుపెడితే ఆరో పేజీ దగ్గర బండి ఆగిపోతుంది. "అసలు ఆ వస్తువు అతను ఎందుకు దాచుకున్నాడు?" అనే ప్రశ్నకు జవాబు దొరకదు. థ్రిల్లర్లు ఎక్కువగా కూలిపోయేది ఇక్కడే. తెలివైన నేరస్థుడు సాక్ష్యాన్ని ఇంట్లో పెట్టుకోవడానికి కారణం ఉండాలి. మన కథలో ఉంది: వడ్డీ ఆగడంతో తాకట్టు బంగారం వేలం వేస్తామని నోటీసు వచ్చింది. వేలం దాకా వెళితే పేరు బయటికొస్తుంది. అందుకే విడిపించుకొచ్చాడు, కరిగించేలోపు రెండు రోజులు దాచాల్సి వచ్చింది. ఎపిసోడ్‌కు ఆ రెండు రోజులే కావాలి.

కథలోనే ఉన్న గడువు పట్టుకోండి

గోడ మీద బాంబు టైమర్ పెట్టనక్కర్లేదు. చట్టంలో, బ్యాంకులో, క్యాలెండర్‌లో బోలెడు గడువులున్నాయి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించలేదు. ఆ మూడేళ్లను పాలసీ జారీ అయిన తేదీ, రిస్క్ మొదలైన తేదీ, ప్రీమియం కట్టక ల్యాప్స్ అయి మళ్లీ పునరుద్ధరించిన తేదీ, రైడర్ (అదనపు రక్షణ) చేరిన తేదీ, వీటిలో ఏది తర్వాతదైతే దాని నుంచి లెక్కేస్తారు. మొదటిసారి తొందరపడి డబ్బు పోగొట్టుకున్నవాడు ఈసారి మూడేళ్లు నిండేదాకా ఆగుతాడు. నవంబర్ 14తో నిండుతాయి.

దీనివల్ల ఇంకో గొప్ప సౌకర్యం వస్తుంది. ఆ తేదీ దాకా ఆమెకు ఏమీ కాకూడదు. కాబట్టి కిరణ్ ఆమెను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. "స్కూటీ మీద వద్దు, నేను దింపుతాను", "జ్వరంగా ఉందా, స్కూలు మానెయ్", "గ్యాస్ దగ్గర జాగ్రత్త". మొదటి పది నిమిషాల్లో ఈ మాటలు ప్రేమలా వినిపిస్తాయి. ముప్పయ్యో నిమిషంలో సంగతి తెలిశాక అవే మాటలు ప్రేక్షకుడికి గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. కొత్త డైలాగు ఒక్కటీ రాయకుండానే భయం పుట్టింది. భర్తను మొదటి నుంచీ క్రూరంగా చూపిస్తే ఈ అవకాశం పోతుంది.

నవంబర్ 14 బాలల దినోత్సవం కూడా. శ్రావణి టీచర్. వంటింట్లో పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే గోడ క్యాలెండర్‌లో ఆమే స్వయంగా 14 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది, పిల్లల ప్రోగ్రాం కోసం. మొదటి సీన్ నుంచి ఆ తేదీ అందరి కళ్లముందే ఉంటుంది. అర్థం మారడానికి ముప్పై నిమిషాలు పడుతుంది.

తేదీలు పెట్టుకున్నాక అసలు క్యాలెండర్ తెరిచి సరిచూడండి. 2025 నవంబర్ 8 రెండో శనివారం, బ్యాంకులు ఉండవు. మర్నాడు ఆదివారం. శనివారం సాయంత్రం ఆమెకు అనుమానం గట్టిపడితే సోమవారం పదింటిదాకా బ్యాంకుకు వెళ్లే దారి లేదు. స్కూలుకూ సెలవే. ఒకే ఫ్లాటులో, ఒకే మంచం మీద, రెండు రాత్రులు. రచయిత కల్పించాల్సిన పని లేకుండా క్యాలెండరే ఇచ్చిన ఉత్కంఠ ఇది.

ఆధారాలు ఐదు చాలు, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి రావాలి

చాటుగా ఫోన్ మాటలు వినడం, డైరీ దొరకడం, పుట్టినరోజే పాస్‌వర్డ్ కావడం, ఈ మూడింటినీ పక్కన పెట్టండి. వీటిలో రహస్యం ఆమె ఒళ్లో వచ్చి పడుతుంది, ఆమె చేసిందేమీ ఉండదు. ఆమె తన బుర్రతో, తన రోజువారీ పనుల మధ్య కనిపెడితేనే ప్రేక్షకుడు ఆమె పక్కన నిలబడతాడు. ప్రతి ఆధారానికీ మొదట ఒక అమాయకమైన అర్థం ఉండాలి, అది నమ్మేలా ఉండాలి.

మొదటిది, గురువారం వచ్చిన ఉత్తరం. వేలం నోటీసు. కిరణ్ "మా అమ్మ గొలుసే, నాన్న ఆపరేషనప్పుడు పెట్టాను, నీకు చెప్తే బాధపడతావని" అంటాడు. ఆమెకు జాలి కూడా వేస్తుంది. చిన్న జాగ్రత్త: 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కవరు మీద స్పీడ్ పోస్టు అనే ఉండాలి.

రెండోది, శుక్రవారం టోల్ మెసేజ్. కారు లోను టీచరమ్మ జీతం మీద వచ్చింది, కాబట్టి కారు ఆమె పేరునే, ఫాస్టాగ్ ఆమె నంబరుకే. అతను బెంగళూరు మీటింగ్ అన్నాడు. బెంగళూరు దారిలో షాద్‌నగర్ దగ్గర రాయికల్ టోల్ రావాలి. వచ్చింది కొర్లపహాడ్. అది విజయవాడ రోడ్డు. అతనికి ఈ సంగతి తట్టలేదా? ఆ మెసేజ్‌లు ఆమె రెండేళ్లుగా చదవదని అతనికి తెలుసు. ఈసారి బ్యాలెన్స్ తక్కువైందన్న హెచ్చరిక వచ్చి తెరిచింది. నేరస్థుడి తప్పు ఇలాగే ఉండాలి. నూటికి తొంభైతొమ్మిదిసార్లు దొరకని తప్పు కావాలి. మతిమరుపుతో చేసిన తప్పు అయితే నమ్మరు.

మూడోది శనివారం దొరికే పొట్లం. దాని గురించి విడిగా చెప్పాలి.

నాలుగోది సోమవారం పాస్‌బుక్. ఉమ్మడి ఖాతాలో ప్రతి నెలా "ఏసీహెచ్ డి" (ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే సొమ్ము) అని రెండు పద్దులు. ఒకటి ఫ్లాటు ఈఎంఐ, ముప్పై వేల పైచిలుకు. దాని కింద 1,412 రూపాయలు. పెద్ద అంకె కింద చిన్న అంకె మూడేళ్లుగా దాక్కుంది. మంగళవారం ఆధార్, పాన్ పట్టుకుని బీమా బ్రాంచికి వెళుతుంది. పాలసీ ఆమె పేరునే కాబట్టి వివరాలు ఇస్తారు. అక్కడి ఉద్యోగి నవ్వుతూ అంటాడు: "శుక్రవారంతో మూడేళ్లు నిండుతున్నాయి మేడమ్. ఇక కంపెనీ ఏ వంకా పెట్టడానికి లేదు. నిశ్చింతగా ఉండండి." ఎపిసోడ్ మొత్తంలో అత్యంత భయంకరమైన మాట ఇది, దాన్ని శుభవార్తలా చెప్పించాలి. ఆ ఉద్యోగికి మెల్లకన్ను, వింత గొంతు పెట్టి పాడుచేయకండి.

ఐదోది అక్కడే పుడుతుంది. పాలసీలో నమోదైన ఫోన్ నంబరు ఆమెది కాదు. టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో తన నంబరు, ఓటీపీ ఇచ్చి చూస్తే తన పేరున ఎన్ని సిమ్‌లున్నాయో తెలుస్తుంది. ఒక మనిషి పేరున మామూలుగా తొమ్మిది దాకా ఉండొచ్చు. ఆమె తీసుకోని నంబరు ఒకటి కనిపిస్తుంది. "ఇది నా నంబరు కాదు" అని ఫిర్యాదు చేసే వీలుంది. నొక్కితే ఆ సిమ్ ఆగిపోవచ్చు, అప్పుడు అతనికి తెలిసిపోతుంది. వేలు బటన్ మీద ఆగుతుంది. ఆ సిమ్ ఎలా వచ్చిందో ఒక్క వాక్యంతో ముందే నాటండి. సిమ్ మార్చుకోవడానికి భర్తతో కలిసి వెళ్లిన దుకాణంలో "వేలు సరిగ్గా పడలేదు మేడమ్, ఇంకోసారి పెట్టండి" అన్నారని మొదటి ఐదు నిమిషాల్లో ఆమె మాటవరసకు చెబితే చాలు.

ఒక ఆధారం తీసేసి కథ నడుస్తుందేమో చూడండి. నడిస్తే అది అనవసరం, తీసేయండి.

పుస్తెలు

శనివారం పొట్లంలో ఏముండాలి? ఫొటో పెట్టొచ్చు, పెళ్లి కార్డు పెట్టొచ్చు. రెండూ చదవాల్సినవి, ఎవరైనా వివరించాల్సినవి. తెలుగు ఇంట్లో అంతకంటే సూటిగా తగిలేది ఒకటుంది.

చాలా తెలుగు పెళ్లిళ్లలో రెండు పుస్తెలు కడతారు, పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి. వంశాన్ని బట్టి అచ్చు మారుతుంది. శ్రావణి మెడలో అత్తింటి పుస్తె మీద ఎత్తుగా తేలిన తామరరేకు, దాని అంచున చిన్న నొక్కు ఉందనుకోండి. పొట్లంలో పసుపు పాలిపోయిన దారానికి రెండు పుస్తెలు. ఒకటి తనకు తెలియని అచ్చు. రెండోదాని మీద తామరరేకు, అంచున నొక్కు. ఆమె తన మెడలోని పుస్తెను బొటనవేలితో తడుముతుంది, తర్వాత చేతిలోనిదాన్ని అదే వేలితో తడుముతుంది. అంతే. ఇదే ఇంటికి తనకంటే ముందు ఒక కోడలు వచ్చింది. ఒక్క మాట లేకుండా ప్రేక్షకులందరికీ ఒకేసారి అర్థమవుతుంది.

ఇది పనిచేయాలంటే ముందు రెండుసార్లు నాటాలి. రెండో నిమిషంలో తువ్వాలు పోగు పుస్తెకు తగులుకుంటే విడదీసుకుంటుంది. ఆ షాట్‌లో తామరరేకు స్పష్టంగా కనబడాలి. ఏడో నిమిషంలో ఫోన్లో మాట్లాడుతూ అలవాటుగా వేలితో ఆ నొక్కును రాస్తుంటుంది. ఒక్కసారే నాటితే మరచిపోతారు, మూడుసార్లయితే పసిగడతారు. దర్శకుడికి స్క్రిప్టులో "ఇన్సర్ట్" (వస్తువును దగ్గరగా చూపే షాట్) అని రాసి ఇవ్వండి. లేకపోతే సెట్‌లో టైం చాలక సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌తో సరిపెడతారు, పద్నాలుగో నిమిషంలో పుస్తెలు దొరికే సీను పడిపోతుంది. ఆర్ట్ విభాగానికి కూడా ముందే చెప్పాలి. రెండు జతలు ఒకే అచ్చుతో చేయించడానికి కంసాలికి సమయం కావాలి.

పొట్లం ఎక్కడ దొరకాలి? బీరువా తాళం మామూలుగా ఆమె దగ్గరే ఉంటుంది, కాబట్టి అక్కడ కాదు. ఆమె చెయ్యి పెట్టని చోటు అతని ఆఫీసు బ్యాగు: మందుల శాంపిల్స్, డాక్టర్లకు చూపించే విజువల్ ఎయిడ్, గిఫ్టు పెన్నులు. అతను స్నానానికి వెళ్లాడు. పొయ్యి మీద కుక్కర్. మూడో విజిల్‌కు దింపాలి, దింపకపోతే అతను బాత్‌రూంలోంచి అడుగుతాడు. మొదటి విజిల్ రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది, తర్వాతవి త్వరత్వరగా వస్తాయి. తెర మీద దీన్ని రెండున్నర నిమిషాలకు కుదించండి, కానీ ఆ వరస మాత్రం మార్చకండి. రెండో విజిల్‌కు పొట్లం చేతికొస్తుంది. మూడో విజిల్‌కు పుస్తెలు గుప్పిట్లో ఉంటాయి, షవర్ శబ్దం ఆగిపోతుంది.

ఎవరికి ఎంత తెలుసు

సీన్ ఆర్డర్ పక్కనే మూడు గళ్లు గీయండి: ప్రేక్షకుడు, ఆమె, అతను. ప్రతి సీను చివర ఎవరికి కొత్తగా ఏం తెలిసిందో రాయండి. ఏ సీనులోనూ మూడు గళ్లూ మారకపోతే ఆ సీను అనవసరం. మూడూ ఒకేసారి నిండితే ఉత్కంఠ ఆవిరైపోయినట్టే. ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం ప్రేక్షకుడు, ఆమె ఒకే గడిలో ఉండాలి. ఒక్కచోట మాత్రం ప్రేక్షకుణ్ణి ముందుకు జరపండి: శనివారం రాత్రి ఆమె నిద్రపోయాక కిరణ్ బ్యాగు తెరిచి చూస్తాడు. పొట్లం ఉంది, దారం ముడి మాత్రం వేరుగా పడి ఉంది. అతని ముఖం మనకు కనబడదు, వీపు మాత్రమే. ఆదివారం ఉదయం అతను కాఫీ కలిపి తెస్తాడు. అతనికి తెలిసిందా, లేదా? మంగళవారం దాకా ఈ ప్రశ్న తేలకూడదు.

నిమిషాల లెక్క సుమారుగా ఇలా: నాలుగు దాకా గురువారం, తొమ్మిది దాకా శుక్రవారం, పద్నాలుగు దగ్గర పుస్తెలు. పద్నాలుగు నుంచి ఇరవై మూడు దాకా ఇల్లు వదలకండి. ఇరవై ఎనిమిది దాకా పాస్‌బుక్, ముప్పై నాలుగు దాకా బీమా ఆఫీసు, మిగిలినవి ఫోన్. పేజీకి నిమిషం అన్న లెక్క ఇంగ్లిష్ ఫార్మాట్‌కు పుట్టింది. ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలుగా రాసే మన పద్ధతికి అది సరిగ్గా కుదరదు. స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవండి, మౌనాలు కూడా పాటించండి.

భోజనం సీను

దీనికి ఐదు నిమిషాలు ఇవ్వండి. నిర్మాత తగ్గించమంటే ఇంకెక్కడైనా తగ్గించండి, ఇక్కడ వద్దు. ఆమె జవాబు తెలిసిన ప్రశ్నే అడుగుతుంది, కానీ పట్టుకోవడానికి అడగదు. అతను నిజం చెప్పేస్తే బాగుండునన్న ఆశతో అడుగుతుంది. ఆ ఆశ ఉంటేనే సీనుకు ప్రాణం వస్తుంది.

"బెంగళూరులో వానలటగా?"

"ఆఁ, నిన్నంతా పడుతూనే ఉంది."

"గొడుగు ఇక్కడే వదిలేసి వెళ్లారు."

"హోటల్లోంచి కదిలితేగా. పప్పు వెయ్యి కొంచెం."

(వేస్తుంది. గరిటె గిన్నె అంచుకు తగలకుండా వేస్తుంది.)

"నువ్వు తినవేం?"

"పొద్దున టిఫిన్ ఎక్కువైంది."

"ఒంట్లో బాలేదా? సోమవారం నేనే దింపుతాలే స్కూలు దగ్గర."

ఇక్కడ ఎవరూ అరవలేదు, కంచం విసరలేదు. అతను తినడానికి ఇంకా మజ్జిగ మిగిలి ఉంది. అది అయ్యేదాకా ఆమె లేవలేదు.

సంబోధన మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. ఆమె అతన్ని "ఏవండీ", "మీరు" అంటుంది, అతను "నువ్వు" అంటాడు. తెలుగులో "మీరు" నుంచి "నువ్వు"కు జారడం చెంపదెబ్బకంటే గట్టిది. దాన్ని ఈ ఎపిసోడ్‌లో ఖర్చు చేయకండి, సీజన్ చివరికి దాచండి. ఇప్పుడు ఆమె "మీరు" అన్న ప్రతిసారీ మునుపటికంటే కొంచెం జాగ్రత్తగా పలకాలి. డబ్బింగ్ చెప్పేవారికి ఈ మాట స్క్రిప్టులోనే రాసివ్వండి.

"ఎవరికైనా చెప్పొచ్చుగా?"

ప్రేక్షకుడు ఇరవయ్యో నిమిషంలో ఇది అడుగుతాడు. అతను అడగకముందే మీరు తలుపు మూయాలి. ఆమెను తెలివితక్కువదానిలా చూపించి మూయకూడదు.

అమ్మకు ఫోన్ చేస్తుంది. అమ్మ మొదటి మాటే "అల్లుడుగారు నాన్న మోకాలి ఆపరేషన్ బిల్లు కట్టేశారే, నీకు చెప్పొద్దన్నారు" అంటుంది. ఆ మాటతో శ్రావణి చెప్పబోయేది గొంతులోనే ఆగిపోతుంది. పోలీసుల దగ్గరికి వెళితే ఏమని ఫిర్యాదు చేస్తుంది? పాలసీ ఉండటం నేరం కాదు, పాత పుస్తెలు దాచుకోవడమూ నేరం కాదు. ఈ మాట ఒక స్నేహితురాలి చేత చెప్పించండి, ఒక్క నిమిషంలో.

పోలీసు, కోర్టు మాటలు వచ్చిన చోట సెక్షన్లు సరిచూడండి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. హత్య 103, హత్యాయత్నం 109, భర్త లేదా అత్తింటివారి క్రూరత్వం 85. అయితే 2019 నాటి మరణానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అక్కడ 302 అనడమే సరి. ఒకే కథలో రెండు చట్టాలూ వస్తాయి, ఏ ఇన్‌స్పెక్టర్ ఏ నేరం గురించి మాట్లాడుతున్నాడో చూసుకోండి. మొదటి భార్య పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోయి ఉంటే మేజిస్ట్రేట్ విచారణ జరిగి ఉండాలి. మన దగ్గర ఆ పని సాధారణంగా తహసీల్దార్ చేస్తారు. అంటే గుడివాడలో ఒక కాగితం ఉండి ఉంటుంది. తర్వాతి ఎపిసోడ్‌కు అది పనికొస్తుంది. భర్త ఫోన్ సంభాషణ రహస్యంగా రికార్డు చేస్తే "కోర్టులో చెల్లదు" అనే పాత డైలాగు కూడా మానేయండి. వైవాహిక వివాదాల్లో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

మొదటి భార్యను ఎలా చంపాడన్నది చూసి ఎవరైనా అలాగే చేయగలిగేంత వివరంగా రాయకండి. కథకు అది అక్కర్లేదు. చూసేవాళ్లలో శ్రావణులూ ఉంటారు, కిరణ్‌లూ ఉంటారు.

తెర మీద కనిపించేవి, చెవికి వినిపించేవి

ఫోన్ స్క్రీన్ మీద మెసేజ్ చూపిస్తే దాన్ని రెండుసార్లు పైకి చదివేంత సేపు నిలపండి. అసలు మెసేజ్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, కాబట్టి ఒక్క ఊరి పేరు మీదికి కెమెరా వెళ్లాలి, కింద తెలుగులో గ్రాఫిక్ రావాలి. ఫోన్‌లో సమయం, గోడ గడియారం, బ్యాటరీ శాతం, ఈ మూడూ కలవాలి. థ్రిల్లర్ చూసేవాళ్లు ఆపి ఆపి చూస్తారు.

పూర్తి పది అంకెల ఫోన్ నంబరు ఎప్పుడూ చూపించకండి. 2024లో ఒక తమిళ సినిమాలో కథానాయిక నంబరుగా చూపించినది చెన్నైలో ఒక విద్యార్థిది. ఆగకుండా వచ్చిన కాల్స్ భరించలేక అతను నిర్మాతలకు నోటీసు పంపాడు. చివరి నాలుగు అంకెలు చాలు. బ్యాంకు, బీమా సంస్థ, బంగారు రుణాల కంపెనీ పేర్లు కల్పించండి, ఆ పేరుతో నిజంగా సంస్థ లేదని వెతికి చూసుకోండి. కారు నంబరులోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. తెలంగాణలో టీజీ మొదలైంది 2024 మార్చిలో, అంతకుముందు కొన్న కారుకు టీఎస్ ఉండాలి. ఏపీలో 39 సీరీస్ రాష్ట్రమంతటికీ ఒకటే, కాబట్టి ఆ ప్లేటు చూసి "ఇది కృష్ణా జిల్లా బండి" అని ఆమె కనిపెట్టినట్టు రాయకూడదు.

అతను ఇంటికి రావడానికి ఒక శబ్దం కేటాయించండి: సెల్లార్ గేటు దగ్గర చిన్న హారన్, లిఫ్ట్ కొలాప్సిబుల్ గేటు లాగిన చప్పుడు, తాళంచెవి. ఆ వరసను రెండుసార్లు సంతోషంగా వినిపించండి, ఆమె నవ్వుతూ తలుపు వైపు నడవాలి. మూడోసారి అదే వరస, అదే గేటు. పుస్తెలు దొరికిన చోట ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) పూర్తిగా తీసేయమని రాయండి. కుక్కర్ ఆవిరి, ఫ్యాను, ఆమె ఊపిరి ఉంటే చాలు. సంగీతం ముందే భయపడితే ప్రేక్షకుడికి ఆ పని మిగలదు.

టీవీకి రాస్తుంటే

నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. అరగంట స్లాట్‌లో అవి ఆరు నిమిషాలు, రీక్యాప్ (జరిగిన కథ), టైటిల్స్, ప్రీక్యాప్ (రాబోయే ఎపిసోడ్ తునకలు) తీసేస్తే మీకు మిగిలేది ఇరవై ఒకటి, ఇరవై రెండు నిమిషాలు. ఈ కథను రెండు ఎపిసోడ్లుగా విడగొట్టండి, మొదటిది పుస్తెల దగ్గర ఆపండి. బ్రేకు ముందు షాక్ పెట్టకండి, ప్రశ్న పెట్టండి. షాక్ ప్రకటనల మధ్య చల్లారిపోతుంది, ప్రశ్న చల్లారదు. ప్రీక్యాప్‌లో పుస్తెలు చూపించనివ్వకండి, దీనిమీద ఛానెల్‌తో ముందే మాట్లాడుకోవాలి.

చివరి ఫోన్

మంగళవారం మధ్యాహ్నం. స్కూల్లో హెడ్‌మాస్టర్ గది, ల్యాండ్‌లైన్. సొంత ఫోన్ నుంచి చేస్తే నంబరు కనబడుతుంది, అందుకే ఇక్కడికొచ్చింది. బయట పిల్లలు 14వ తేదీకి పాట సాధన చేస్తున్నారు. తన పేరున ఉన్న, తనది కాని నంబరు నొక్కుతుంది. నాలుగు రింగులు. మూడైతే తొందర, ఐదైతే విసుగు. ఎత్తింది ఆడమనిషి.

"హలో."

"..."

"హలో, ఎవరండీ?"

"శ్రావణిగారితో మాట్లాడాలి."

"ఆఁ, శ్రావణినే మాట్లాడుతున్నాను. చెప్పండి."

ఇక్కడ కట్. పాలసీ ఇచ్చే ముందు బీమా కంపెనీ చేసిన ధ్రువీకరణ కాల్‌కు మూడేళ్ల క్రితం ఎవరు జవాబిచ్చారో ప్రేక్షకుడు తనంతట తాను కలుపుకుంటాడు. దానిమీద ఫ్లాష్‌బ్యాక్ వేయకండి, శ్రావణి ముఖం మీద జూమ్ వేయకండి. రిసీవర్ ఆమె చెవి దగ్గరే ఉండాలి, పిల్లల పాట మరో రెండు క్షణాలు వినిపించాలి, తర్వాత తెర నల్లబడాలి.